మొదటి ఏడాది బయాలజీ: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు

ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, సందేహాలు మాత్రం పాతవే వస్తాయి. ఇంటర్ బైపీసీ వాళ్లు, డిగ్రీలో లైఫ్ సైన్సెస్ తీసుకున్నవాళ్లు, నర్సింగ్, అగ్రికల్చర్ కోర్సుల్లో చేరినవాళ్లు అడిగే ప్రశ్నల్ని వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. వరసపెట్టి చదవాల్సిన పని లేదు. దేని మీద సందేహం ఉంటే అక్కడికే వెళ్లిపోవచ్చు.

## చేరిన కొత్తలో

బయాలజీ అంటే బట్టీయే కదా సార్? లెక్కలు రావనే ఈ గ్రూపు తీసుకున్నా.

పేర్లు కొన్ని బట్టీ పట్టక తప్పదు. కానీ మంచి విద్యార్థులకు కూడా మార్కులు పోయేది పేర్ల దగ్గర కాదు, దేని గురించి మాట్లాడుతున్నామో చూసుకోని చోట. లెక్కపెడుతున్నది క్రోమోజోమ్‌లనా, డీఎన్ఏ పరిమాణాన్నా? గాఢత అన్నప్పుడు అది నీటిదా, ఉప్పుదా? మారింది ఒక జీవా, మొత్తం జనాభానా? ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం సిలబస్ తేలికవుతుంది. ఇక లెక్కల సంగతి: జెనెటిక్స్ అంతా సంభావ్యతే. భిన్నాలను గుణించడం వస్తే చాలు, టెన్షన్ అక్కర్లేదు.

వైరస్‌కి ప్రాణం ఉన్నట్టా, లేనట్టా? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో కుదరదు. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. ఆ స్ఫటికాలు సీసాలో ఉన్నంతసేపూ తినవు, పెరగవు, విభజన చెందవు. నీళ్లలో కలిపి పొగాకు ఆకు మీద రుద్దితే మాత్రం మొక్కకు జబ్బు వస్తుంది. వైరస్‌కు ప్రొటీన్లు తయారుచేసుకోవడానికి సొంత రైబోజోమ్‌లు లేవు, కణమే లేదు. కాబట్టి కణ సిద్ధాంతం ప్రకారం అది జీవి కాదు. కానీ జన్యుపదార్థం ఉంది, అందులో ఉత్పరివర్తనలు (మార్పులు) వస్తాయి, పరిణామం చెందుతుంది. పరీక్షలో ఏదో ఒక పక్షం తీసుకోకుండా రెండు వైపులా కారణాలు రాయండి.

పుట్టగొడుగు మొక్క కాదంటారు, మరి బోటనీలో ఎందుకు ఉంది?

పాత అలవాటు, అంతే. ఒకప్పుడు కదలకుండా నేలనుంచి మొలిచేవన్నీ మొక్కల్లోనే వేశారు. 1969లో విట్టేకర్ ఐదు రాజ్యాల వర్గీకరణలో శిలీంధ్రాలకు వేరే రాజ్యం ఇచ్చాడు. వాటి కణకవచంలో ఉండేది కైటిన్, అంటే రొయ్య పెంకులో ఉండే పదార్థమే. ఆహారాన్ని పిండిపదార్థంగా కాకుండా గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. జన్యువులు పోల్చి చూస్తే మొక్కలకన్నా జంతువులకే దగ్గరి చుట్టాలు. అయినా సిలబస్‌లో బోటనీ మేడం దగ్గరే ఉండిపోయాయి.

శాస్త్రీయ నామం కింద ఒకే గీత గీస్తే మార్కు ఎందుకు కట్ చేస్తారు?

అందులో రెండు పదాలున్నాయి. మామిడి పేరైన మాంజిఫెరా ఇండికాలో మొదటిది ప్రజాతి, రెండోది జాతి. చేత్తో రాసినప్పుడు దేని కింద దానికి విడిగా గీత గీయాలి. ఇంగ్లిష్‌లో రాస్తే ప్రజాతి మొదటి అక్షరం పెద్దది, జాతి మొత్తం చిన్న అక్షరాల్లో.

## కణం యూనిట్‌లో

బాక్టీరియా రైబోజోమ్‌లో 50ఎస్, 30ఎస్ కలిస్తే 80ఎస్ కావాలి కదా? 70ఎస్ ఎలా అయింది?

ఎస్ అనేది బరువు కాదు కాబట్టి కూడిక పనిచేయదు. అది స్వెడ్‌బర్గ్ యూనిట్. సెంట్రిఫ్యూజ్‌లో వేసి గిర్రున తిప్పినప్పుడు ఆ కణిక ఎంత వేగంగా అడుక్కి చేరుతుందో చెబుతుంది. ఆ వేగం బరువు మీదే కాదు, ఆకారం మీద కూడా ఆధారపడుతుంది. రెండు ఉపప్రమాణాలు అతుక్కున్నప్పుడు ఆకారం మారిపోతుంది. మనలాంటి నిజకేంద్రక జీవుల్లో 60ఎస్, 40ఎస్ కలిసి 80ఎస్ కావడం కూడా ఇలాగే.

ఎర్ర రక్తకణంలో కేంద్రకమే లేదు. మరి డీఎన్ఏ టెస్టుకి రక్తం ఎందుకు తీసుకుంటారు?

తెల్ల రక్తకణాల కోసం. వాటిలో కేంద్రకం ఉంటుంది. క్షీరదాల ఎర్ర రక్తకణం ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడు దానికీ కేంద్రకం ఉంటుంది. పక్వానికి వచ్చేసరికి దాన్ని బయటికి నెట్టేస్తుంది, మైటోకాండ్రియా కూడా పోతాయి. అందుకే రిపేరు చేసుకోలేదు, దాదాపు 120 రోజులకు దాని పని అయిపోతుంది. కోడి రక్తం స్లైడు చూసే అవకాశం వస్తే వదులుకోకండి. పక్షుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం నిక్షేపంగా కనిపిస్తుంది.

మైటోకాండ్రియాకి సొంత డీఎన్ఏ ఉంది కదా, కణం బయట విడిగా బతకలేదా?

బతకలేదు. మనిషి మైటోకాండ్రియా డీఎన్ఏ పొడవు 16,569 బేస్ జతలు, అందులో ఉన్నవి 37 జన్యువులు. దానికి కావాల్సిన ప్రొటీన్లు వందల్లో ఉంటాయి, వాటిలో చాలావాటి జన్యువులు కేంద్రకంలోనే ఉన్నాయి. ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా మరో కణంలోకి చేరి అక్కడే స్థిరపడిపోయిందనే భావనకు 1967లో లిన్ మార్గులిస్ ఆధారాలన్నీ కూర్చి బలం చేకూర్చింది. వలయాకార డీఎన్ఏ, రెండు పొరల త్వచం, బాక్టీరియా తరహా రైబోజోమ్‌లు ఆ ఆధారాల్లో ముఖ్యమైనవి.

ద్రవాభిసరణలో నీళ్లు ఎక్కువ గాఢత నుంచి తక్కువకి పోతాయా, తక్కువ నుంచి ఎక్కువకా? పుస్తకంలో ఒకలా, నోట్స్‌లో ఇంకోలా ఉంది.

రెండూ ఒప్పే. ఒకరు నీటి గాఢత గురించి రాశారు, ఇంకొకరు నీటిలో కరిగిన పదార్థం గాఢత గురించి రాశారు. ఉప్పు తక్కువున్న చోట నీళ్లు ఎక్కువ. అక్కడినుంచి ఉప్పు ఎక్కువున్న వైపు నీళ్లు త్వచం దాటి వెళ్తాయి.

ఎండాకాలంలో ఇంట్లో మాగాయ పెట్టేటప్పుడు గమనించండి. తరిగిన మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో వేస్తారు. ఒక్క చుక్క నీళ్లు పోయరు. మూడో రోజు మూత తీస్తే ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ఆ నీళ్లన్నీ ముక్కల కణాల్లోవే. బయట ఉప్పు ఎక్కువ కావడంతో నీళ్లు బయటికొచ్చేశాయి, ముక్కలు మెత్తబడి వడలిపోయాయి. ముక్కల మీద పడిన సూక్ష్మజీవులకూ ఇదే గతి పడుతుంది, పచ్చడి ఏడాదంతా నిలవ ఉండటానికి అదొక కారణం.

గందరగోళం పూర్తిగా పోవాలంటే నీటి శక్మం (వాటర్ పొటెన్షియల్) అన్న భావనకు మారిపోండి. సాధారణ పీడనం దగ్గర స్వచ్ఛమైన నీటి శక్మం సున్నా. ఏది కరిగించినా అది రుణాత్మకం అవుతుంది. నీరు ఎప్పుడూ ఎక్కువ శక్మం నుంచి తక్కువ శక్మానికే. ఇక రెండు రకాల వాక్యాలతో పని ఉండదు.

## శక్తి, శ్వాసక్రియ, కిరణజన్య సంయోగక్రియ

మొక్కలు పగలు ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి మాత్రమే శ్వాసిస్తాయి కదా?

కాదు. మొక్క కణాల్లో శ్వాసక్రియ పగలూ రాత్రీ ఆగకుండా సాగుతుంది. పగటిపూట కిరణజన్య సంయోగక్రియ దానికన్నా చాలా జోరుగా ఉండటంతో లెక్క తేలేసరికి ఆక్సిజనే బయటికి వస్తుంది. తెల్లవారుజామున, సాయంత్రం వెలుతురు మందంగా ఉన్నప్పుడు రెండూ సరిసమానమయ్యే ఘడియ ఒకటి ఉంటుంది. అప్పుడు ఆకు ఏ వాయువునూ తీసుకోనట్టు, వదలనట్టు కనిపిస్తుంది. వేర్లకు వెలుతురే లేదు, అవి ఎప్పుడూ శ్వాసించడమే. అందుకే పొలంలో నీళ్లు రోజుల తరబడి నిలిస్తే మిరప, పత్తి వేర్లు గాలి అందక కుళ్లుతాయి.

కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ వచ్చేది కార్బన్ డయాక్సైడ్ నుంచేగా?

నీటి నుంచి. 1941లో రూబెన్, కామెన్ బృందం మామూలు ఆక్సిజన్‌కన్నా బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీటిని క్లోరెల్లా అనే శైవలానికి ఇచ్చింది. విడుదలైన వాయువులో ఆ బరువైన ఆక్సిజన్ కనిపించింది. కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్ చక్కెరలోకి, కొత్తగా ఏర్పడే నీటిలోకి పోతుంది. సమీకరణంలో నీటిని ఆరు కాకుండా పన్నెండు అణువులుగా రాసేది ఈ సంగతి స్పష్టంగా తెలియడానికే.

ఒక గ్లూకోజ్ నుంచి వచ్చే ఏటీపీలు (కణం శక్తి కోసం వాడే అణువులు) 38 అని ఒకరు, 36 అని ఒకరు, 32 అని ఇంకొకరు. ఏది రాయాలి?

మీ కోర్సు పుస్తకంలో ఏది ఉంటే అది రాయండి. కానీ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోండి.

ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీహెచ్2 అనేవి ఎలక్ట్రాన్లను మోసే అణువులు. పాత లెక్కలో ఒక ఎన్ఏడీహెచ్‌కి 3, ఒక ఎఫ్ఏడీహెచ్2కి 2 ఏటీపీలు అనుకున్నారు. పది ఎన్ఏడీహెచ్‌లకు 30, రెండు ఎఫ్ఏడీహెచ్2లకు 4, నేరుగా వచ్చేవి 4, మొత్తం 38. గ్లూకోజ్ విరిగే మొదటి దశ గ్లైకాలిసిస్‌లో వచ్చిన రెండు ఎన్ఏడీహెచ్‌లు కణద్రవ్యంలో ఉంటాయి. వాటి ఎలక్ట్రాన్లను మైటోకాండ్రియాలోకి చేరవేయడానికి కొన్ని కణాల్లో ఖర్చవుతుంది, అప్పుడు 36. ప్రయోగాల్లో కొలిచాక 3 అనుకున్నది సుమారు 2.5 అని, 2 అనుకున్నది సుమారు 1.5 అని తేలింది. ఆ లెక్కన 25, 3, 4 కలిపి 32. చేరవేత ఖర్చు తీసేస్తే 30. నా ఉద్దేశంలో మొత్తం కన్నా ఈ దారి తెలియడం ముఖ్యం.

ఇంత గొడవకు కారణమైన ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కనుక్కున్నాడు. దాదాపు అదే సమయంలో, విడిగా, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా కనుక్కున్నారు. కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను ఆ జంట 1927లోనే ప్రకటించింది. పాఠ్యపుస్తకాల్లో సుబ్బారావు పేరుకి ఒక్క వాక్యం కూడా దక్కకపోవడం నాకెప్పుడూ రుచించదు.

వేడి చేస్తే ఎంజైమ్ చచ్చిపోతుందా?

ఎంజైమ్‌కు ప్రాణం లేదు, చావదు. అది మడతలు పడిన ప్రొటీన్. వేడికి ఆ మడతలు విడిపోయి చురుకైన స్థానం ఆకారం చెడుతుంది. చల్లబరిస్తే మాత్రం సాధారణంగా ఆకారం చెడదు, పని మందగిస్తుందంతే. ఫ్రిజ్‌లోంచి తీశాక మళ్లీ పనిచేస్తుంది.

## కణ విభజన

ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపవుతుంది. అంటే మనిషి కణంలో క్రోమోజోమ్‌లు 92 అవుతాయా?

అవ్వవు, 46గానే ఉంటాయి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. క్రోమోజోమ్‌లను లెక్కపెట్టాలంటే సెంట్రోమియర్లను లెక్కపెట్టండి. ఎస్ దశ తర్వాత ఒక్కో క్రోమోజోమ్‌కు రెండు క్రోమాటిడ్‌లు వస్తాయి కానీ అవి ఒకే సెంట్రోమియర్ దగ్గర కలిసి ఉంటాయి. కాబట్టి క్రోమోజోమ్‌లు 46, క్రోమాటిడ్‌లు 92, డీఎన్ఏ రెట్టింపు.

సమవిభజన అనాఫేజ్‌లో క్రోమాటిడ్‌లు విడిపోగానే ఒక్కోటీ సొంత క్రోమోజోమ్ అవుతుంది. కణం రెండుగా చీలేదాకా కాసేపు లెక్క 92. ఆ తర్వాత పిల్ల కణానికి 46 చొప్పున. సమాధానం రాసేముందు మార్జిన్‌లో పెన్సిల్‌తో రెండు జతల క్రోమోజోమ్‌లు గీసుకోండి, పొరపాటు జరగదు.

క్షయకరణ విభజన మొదటి దశలోనే సంఖ్య సగమైతే రెండో దశ దేనికి?

మొదటి దశ అయ్యాక మనిషి కణంలో 23 క్రోమోజోమ్‌లే ఉన్నా ఒక్కోదానికి ఇంకా రెండు క్రోమాటిడ్‌లు ఉన్నాయి. వాటిని విడదీసే పని రెండో దశది. మొదటిది సమజాత జతలను (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన క్రోమోజోమ్‌లను) విడదీస్తుంది, రెండోది క్రోమాటిడ్‌లను విడదీస్తుంది.

ప్రొఫేజ్-1లో అన్ని ఉపదశలెందుకు? లెప్టోటీన్, జైగోటీన్ అంటూ గుర్తుండవు.

వరస గుర్తుండాలంటే జరిగే పనిని పట్టుకోండి. దారాలు కనిపించడం లెప్టోటీన్, జత కట్టడం జైగోటీన్, ముక్కలు మార్చుకోవడం పాకిటీన్, విడిపోతూ కయాస్మాలు (ముక్కలు మార్చుకున్న చోట్లు) బయటపడటం డిప్లోటీన్, క్రోమోజోమ్‌లు పూర్తిగా కుదించుకుని సిద్ధం కావడం డయాకైనెసిస్. ఈ డిప్లోటీన్ మామూలు దశ కాదు. ఆడశిశువు తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలు ఈ దశకు చేరి ఆగిపోతాయి. యుక్తవయసు వచ్చాక నెలనెలా కొన్ని మాత్రమే ముందుకు కదులుతాయి. అంటే నలభై ఏళ్ల స్త్రీలో విడుదలయ్యే అండం అదే దశలో నలభై ఏళ్లకు పైగా ఆగి ఉన్నదే. తల్లి వయసు పెరిగేకొద్దీ క్రోమోజోమ్ లోపాలు పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

## జన్యువులు

శరీరంలో అన్ని కణాల్లో ఒకే డీఎన్ఏ ఉంటే కన్ను కన్నులా, కాలేయం కాలేయంలా ఎలా ఉన్నాయి?

ఉన్న జన్యువులన్నీ అన్ని చోట్లా పనిచేయవు. మనిషి జీనోమ్‌లో ప్రొటీన్లకు సంకేతమిచ్చే జన్యువులు దాదాపు 20,000. ఇన్సులిన్ జన్యువు మీ చర్మకణంలోనూ ఉంది, కానీ అక్కడ మూతపడి ఉంటుంది. క్లోమంలోని బీటా కణాల్లో తెరుచుకుంటుంది. ఏ జన్యువు ఎక్కడ, ఎప్పుడు, ఎంత పనిచేయాలో నిర్ణయించే ఏర్పాటులోనే తేడా అంతా ఉంది.

డీఎన్ఏలో ఒక్క అక్షరం మారితే నిజంగా అంత ప్రమాదమా?

ఎక్కడ మారిందన్నదాన్ని బట్టి. కోడాన్‌లు (మూడేసి అక్షరాల సంకేతాలు) 64, అమైనో ఆమ్లాలు 20, ఆపేసే కోడాన్‌లు మూడు. అంటే ఒక్కో అమైనో ఆమ్లానికి సాధారణంగా ఒకటికన్నా ఎక్కువ కోడాన్‌లుంటాయి. హీమోగ్లోబిన్ బీటా గొలుసు జన్యువులో గ్లుటామిక్ ఆమ్లానికి ఉన్న జీఏజీ కాస్తా జీఏఏ అయితే ఏమీ కాదు, అదీ గ్లుటామిక్ ఆమ్లానికే. ఆరో స్థానంలో అదే జీఏజీ జీటీజీగా మారితే వేలిన్ వస్తుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హీమోగ్లోబిన్ పోగులు కట్టి ఎర్ర రక్తకణాన్ని కొడవలిలా వంచేస్తుంది. అదే సికిల్ సెల్ వ్యాధి. తెలుగు రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లో దీనికోసం స్క్రీనింగ్ జరుగుతున్నది ఇందుకే.

## వంశపారంపర్యం

3:1 అంటే నలుగురు పిల్లల్లో కచ్చితంగా ఒకరికి జబ్బు వస్తుందనా?

కాదు. ప్రతి కాన్పుకీ అవకాశం నాలుగింట ఒకటి, ముందు పుట్టిన పిల్లలతో సంబంధం లేదు. వాహకులైన, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువు ఒక కాపీ ఉన్న తల్లిదండ్రులకు నలుగురు పిల్లలు పుడితే నలుగురూ జబ్బు లేకుండా ఉండే అవకాశం మూడు బై నాలుగును నాలుగుసార్లు గుణిస్తే వస్తుంది, దాదాపు 32 శాతం. మెండల్‌కు గుండ్రటి గింజలు 5,474, ముడతల గింజలు 1,850 వచ్చాయి, అంటే 2.96:1. అన్ని వేల గింజలు లెక్కపెట్టాడు కాబట్టే నిష్పత్తి బయటపడింది.

బహిర్గత లక్షణం అంటే ఎక్కువమందిలో ఉండేదేనా?

సంబంధం లేదు. ఆరు వేళ్లతో పుట్టడం చాలా కుటుంబాల్లో బహిర్గతం, అయినా అరుదు. ఓ బ్లడ్ గ్రూపు అంతర్గతం, అయినా మన దగ్గర ఎంతోమందికి ఉంటుంది. బహిర్గతం అంటే ఒక్క కాపీ ఉన్నా బయటికి కనిపించేదని మాత్రమే.

నాన్నది ఏ, అమ్మది బీ, నాది ఓ. ఇలా జరుగుతుందా?

జరుగుతుంది, అందులో వింతేమీ లేదు. ఇద్దరిలోనూ ఓ యుగ్మవికల్పం (జన్యువు రూపాల్లో ఒకటి) దాగి ఉంటే పిల్లలకు నాలుగు గ్రూపుల్లో ఏదైనా రావచ్చు. బ్లడ్ గ్రూపు చూసి ఇంట్లో అనుమానాలు పెంచుకోవద్దు. 1952లో ముంబైలో బయటపడిన బాంబే గ్రూపు వాళ్లకు ఏ, బీ జన్యువులున్నా అవి ఎర్రకణం మీద కనిపించవు, మామూలు టెస్టులో ఓ అనే వస్తుంది.

మేనరికం చేసుకుంటే పిల్లలకు జబ్బులు తప్పవా?

తప్పవు అనడం అబద్ధం, ఏమీ కాదు అనడమూ అబద్ధం. లెక్క వేసి చూద్దాం. ఒక అంతర్గత జబ్బుకు జనంలో నూటికి ఒకరు వాహకులు అనుకోండి. బంధుత్వం లేని జంటలో ఇద్దరూ వాహకులై బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నూరోవంతు, మళ్లీ నూరోవంతు, ఆపైన నాలుగోవంతు. గుణిస్తే 40,000లో ఒకటి.

మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే ఒకరిలో ఉన్న యుగ్మవికల్పమే రెండోవారిలో కూడా ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. అప్పుడు 3,200లో ఒకటి. సొంత మేనమామతో పెళ్లయితే అది నాలుగింట ఒకటి, లెక్క 1,600లో ఒకటికి వస్తుంది. జబ్బు ఎంత అరుదైనదైతే మేనరికంలో తేడా అంత ఎక్కువగా కనిపిస్తుంది.

విడిగా చూస్తే ఇప్పటికీ చిన్న సంఖ్యే. కానీ ఇలాంటి అంతర్గత జబ్బులు వేలల్లో ఉన్నాయి, అన్నీ కలిస్తే ప్రమాదం లెక్కలోకి వస్తుంది. తరతరాలుగా మేనరికాలున్న ఇంట్లో ఇంకాస్త పెరుగుతుంది. ఇంట్లో ఇప్పటికే పుట్టు చెవుడు, తలసేమియా లాంటివి ఉంటే పెళ్లికి ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లడం మంచిది. తలసేమియా వాహకులను తేల్చడానికి రక్తపరీక్ష చాలు.

## పరిణామం

కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులు ఎందుకున్నాయి?

ఇప్పుడున్న కోతి నుంచి మనిషి వచ్చాడని ఎవరూ అనలేదు. మనకూ చింపాంజీలకూ సుమారు 60–70 లక్షల ఏళ్ల కిందట ఉమ్మడి పూర్వీకులు ఉండేవారు. అక్కడినుంచి రెండు దారులు చీలాయి, రెండు దారుల్లోనూ మార్పులు జరిగాయి. చింపాంజీ కూడా ఆ పూర్వీకుడిలా లేదు.

యాంటీబయాటిక్ ఎక్కువ వాడితే బాక్టీరియా దానికి అలవాటు పడుతుంది కదా?

ఒక బాక్టీరియా తట్టుకోవడం నేర్చుకుంటుందనే ఊహ తప్పు. లక్షల బాక్టీరియాల్లో ఉత్పరివర్తన వల్ల మందుకు లొంగనివి ఒకటో రెండో ముందే ఉండొచ్చు. మందు మిగతావాటిని చంపేస్తుంది, మిగిలినవి పెరుగుతాయి. 1952లో ఎస్తర్, జాషువా లెడర్‌బర్గ్ దంపతులు దీన్ని నిరూపించారు. ఒక పళ్లెంలో పెరిగిన కాలనీలను మఖమల్ గుడ్డతో అద్ది అదే అమరికలో వేరే పళ్లేల్లోకి మార్చారు. మందు ఉన్న పళ్లేల్లో బతికిన కాలనీలు ప్రతిసారీ ఒకే చోట వచ్చాయి. మందు ముఖం ఎప్పుడూ చూడని అసలు పళ్లెంలో ఆ చోటి కాలనీని పరీక్షిస్తే అదీ మందుకు లొంగనిదే. మారింది ఒక జీవి కాదు, జనాభాలో ఎవరు ఎంతమంది ఉన్నారన్న లెక్క.

శిలాజాలు పుస్తకంలో బొమ్మలేనా, దగ్గర్లో ఎక్కడైనా చూడొచ్చా?

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లండి. ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన కోటాసారస్ డైనోసార్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. జురాసిక్ కాలపు శాకాహారి.

## ల్యాబ్‌లో

ఉల్లి వేరుకొన స్లైడులో విభజన దశలు ఒక్కటీ కనిపించట్లేదు. ఏం తప్పు చేస్తున్నాం?

చాలాసార్లు తప్పు వేరు ముక్క పరిమాణంలో ఉంటుంది. విభజన చెందే కణాలు చివరి రెండు మూడు మిల్లీమీటర్లలోనే ఉంటాయి. సెంటీమీటరు ముక్క వేస్తే స్లైడు నిండా పొడుగు కణాలే కనిపిస్తాయి. అసిటోకార్మిన్ వేసి కాస్త వేడి చేశాక కొన మిగతా భాగంకన్నా ముదురు రంగులోకి వస్తుంది. ఆ ముదురు ముక్క ఉంచుకుని మిగతాది బ్లేడుతో కోసి పారేయండి.

రెండోది, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సరిగా నానకపోవడం. కణాలను అతికించి ఉంచే పదార్థం కరగకపోతే ఎంత నొక్కినా కణాలు గుట్టగానే ఉంటాయి. కవర్‌స్లిప్ వేశాక బ్లాటింగ్ పేపర్ మధ్య పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కాలి, పక్కకి జరపకూడదు. జరిపితే క్రోమోజోమ్‌లు చెదిరిపోతాయి.

అన్నీ సరిగ్గా చేసినా ఎక్కువ కణాలు ఇంటర్‌ఫేజ్‌లోనే (రెండు విభజనల మధ్య దశలోనే) కనిపిస్తాయి, అది సహజం. కణం జీవితంలో ఎక్కువ సమయం గడిచేది అక్కడే. ముందు తక్కువ పవర్‌లో స్లైడంతా వరసగా తిప్పి చూసి, ముదురు దారాలున్న చోటు దొరికాకే హై పవర్‌కు మార్చండి. ఉల్లిలో 16 క్రోమోజోమ్‌లు. మంచి మెటాఫేజ్ దొరికితే ఓపిగ్గా లెక్కపెట్టొచ్చు.

స్లైడులో కనిపించింది గీయాలా, పుస్తకంలో ఉన్నట్టు గీయాలా?

కనిపించిందే గీయండి. వైవాలో రికార్డు, మైక్రోస్కోపు పక్కపక్కన పెట్టి అడిగే ఎగ్జామినర్లు ఉన్నారు. టెలోఫేజ్ దొరక్కపోతే దొరకలేదని రాయండి, లేనిది గీయకండి.